నిప్పు బండి, ఇనుప దారి: జాన్ తియెన్‌యౌ కథ

1872లో దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డోంగ్ ప్రాంతంలో ఒక తండ్రి ప్రభుత్వానికి హామీ పత్రం రాసిచ్చాడు. నా కొడుకు చదువు కోసం అమెరికా వెళ్తున్నాడు, తిరిగొచ్చాక సర్కారు ఏ పని చెప్తే ఆ పని చేస్తాడు, అక్కడే ఉండిపోడు, మధ్యలో జబ్బు చేసినా ప్రాణం పోయినా అది వాడి తలరాత, నేను ఎవర్నీ అడగను. దాని సారాంశం ఇదీ. కొడుక్కి అప్పుడు 11 ఏళ్ళు. మనం హాస్టల్ ఫారం మీద చదవకుండా సంతకం పెట్టేస్తాం కదా, ఆ తండ్రి మాత్రం ప్రతి ముక్కా చదివే పెట్టి ఉంటాడని నాకనిపిస్తుంది.

ఆ పిల్లాడి పేరు జాన్ తియెన్‌యౌ. ఈ జాన్ ఇంగ్లీషు జాన్ కాదు, ఇంటిపేరు. చైనా వాళ్ళకీ మన తెలుగువాళ్ళలాగే ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. పాత ఇంగ్లీషు పుస్తకాల్లో ఈయనే జీమ్ తియెన్ యౌ అని కనిపిస్తాడు. అది గ్వాంగ్‌డోంగ్ ఉచ్చారణ, ఆయన సంతకం కూడా అలాగే ఉండేది. మీరు వెతికితే రెండు పేర్లతోనూ వెతకండి. చైనాలో ఈయన పేరు స్కూలు పిల్లలందరికీ తెలుసు, అక్కడ పాఠం ఉంది. మనకి మాత్రం ఏ సిలబస్‌లోనూ తగలడు. సివిల్ బ్రాంచ్ వాళ్ళనీ అడిగాను, వాళ్ళూ వినలేదన్నారు.

అసలు పిల్లల్ని అమెరికా పంపాలన్న ఆలోచన యుంగ్ వింగ్ అనే ఆయనది. 1854లో యేల్‌లో డిగ్రీ తీసుకున్నాడు. అమెరికన్ యూనివర్సిటీ నుంచి పట్టా పొందిన మొదటి చైనీయుడు ఆయనే. నాకు దొరికిన చదువు నా దేశంలో ఇంకొందరికి దొరకాలని పట్టుబట్టి, ఏళ్ళ తరబడి పెద్ద అధికారుల చుట్టూ తిరిగాడు. చివరికి జెంగ్ గ్వోఫాన్, లీ హోంగ్‌జాంగ్ అనే ఇద్దరు బలమైన మంత్రులు ఒప్పుకున్నారు. వాళ్ళు ఒప్పుకున్నది ప్రేమతో కాదు. నల్లమందు యుద్ధాల్లో దెబ్బ తిన్నాక తుపాకులు, ఓడలు, యంత్రాలు ఎలా పనిచేస్తాయో తెలిసిన మనుషులు వాళ్ళకి కావాలి. ప్లాన్ ఏంటంటే ఏడాదికి 30 మంది చొప్పున నాలుగు బ్యాచ్‌లు, మొత్తం 120 మంది అబ్బాయిలు, ఒక్కొక్కరికి 15 ఏళ్ళ చదువు. 1872 నుంచి 1875 వరకు నాలుగు బ్యాచ్‌లూ వెళ్ళాయి. తియెన్‌యౌ ఫస్ట్ బ్యాచ్.

పిల్లలందరినీ ఒక్కచోట పెట్టలేదు. కనెక్టికట్, మసాచుసెట్స్ రాష్ట్రాల్లో ఇద్దరు ముగ్గుర్ని కలిపి ఒక్కో అమెరికన్ ఇంట్లో ఉంచారు. తియెన్‌యౌ నార్త్‌రప్ అనే వాళ్ళింట్లో పెరిగాడు. పొడుగు అంగీలు, వెనక జడ. ఆ జడ ఫ్యాషన్ కాదు. చక్రవర్తికి విధేయత చూపించే గుర్తు, కత్తిరిస్తే రాజద్రోహం. అమెరికా పిల్లలు వెక్కిరించేవాళ్ళు. కొన్నేళ్ళకి వీళ్ళు ప్యాంటు, షర్టుల్లోకి మారారు, బేస్‌బాల్ ఆడారు, సొంతంగా టీమే పెట్టుకున్నారు. అందులో తియెన్‌యౌ కూడా ఉన్నాడు. హార్ట్‌ఫర్డ్‌లో మిషన్ ఆఫీసు ఉండేది. వంతులవారీగా అక్కడికెళ్ళి చైనా గ్రంథాలు బట్టీ పట్టాలి. ఆ బిల్డింగ్‌కి పిల్లలు పెట్టుకున్న పేరు నరకపు ఇల్లు అట.

ఆ ఒక్క మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఇంగ్లీషులో చదువు ఆటలా సాగుతోంది, సొంత భాష క్లాసు శిక్షలా ఉంది. ఇంగ్లీష్ మీడియంలో చదివి, తెలుగుని సెకండ్ లాంగ్వేజ్ మార్కుల కోసం గట్టెక్కించిన నాలాంటి వాళ్ళకి ఈ సంగతి వేరే వివరించక్కర్లేదు.

తియెన్‌యౌ 1878లో యేల్‌లోని షెఫీల్డ్ సైంటిఫిక్ స్కూల్లో సివిల్ ఇంజినీరింగ్‌లో చేరాడు. 1881లో పూర్తి చేశాడు. అదే ఏడాది చైనా నుంచి ఆర్డర్ వచ్చింది: అందరూ వెనక్కి రండి. 15 ఏళ్ళ ప్లాన్ తొమ్మిదేళ్ళకే ఆగిపోయింది. కారణాలు రెండు వైపులా ఉన్నాయి. పిల్లలు చెడిపోతున్నారు, జడలు తీసేస్తున్నారు, చర్చికి వెళ్తున్నారు, చైనీస్ మర్చిపోతున్నారు అని మిషన్‌లోని సంప్రదాయ అధికారులు పైకి రాస్తూనే ఉన్నారు. మరోవైపు అమెరికా వాళ్ళ మిలిటరీ, నేవీ అకాడమీల్లో ఈ కుర్రాళ్ళకి సీట్లు ఇవ్వలేదు. చైనా వాళ్ళ మీద అక్కడ ద్వేషం పెరుగుతోంది, మరుసటి ఏడాదే చైనా కూలీలు రాకుండా చట్టం చేశారు. యేల్ ప్రెసిడెంట్ నోవా పోర్టర్ ఆపమని ఉత్తరం రాశాడు. రచయిత మార్క్ ట్వేన్, మాజీ అధ్యక్షుడు గ్రాంట్ కూడా కల్పించుకున్నారు. ఆగలేదు. 120 మందిలో అప్పటికి డిగ్రీ చేతికొచ్చింది ఇద్దరికే. ఒకడు తియెన్‌యౌ, ఇంకొకడు ఓయాంగ్ గెంగ్. మిగతావాళ్ళు మూడో సెమిస్టర్‌లోనో ఐదో సెమిస్టర్‌లోనో లేచి వచ్చేసినట్టే అనుకోండి.

షాంఘై రేవులో వీళ్ళకి దండలు వేసేవాళ్ళెవరూ లేరు. కాపలా మధ్య నడిపించుకుంటూ తీసుకెళ్ళి ఒక పాత బడి భవనంలో దించారు. తర్వాత ఎవరు ఏం చదివారో చూడకుండా పంచేశారు. కొందరు టెలిగ్రాఫ్‌కి, కొందరు నేవీకి. రైల్వే ఇంజినీరింగ్ చదివొచ్చిన తియెన్‌యౌని ఫూజో నేవీ స్కూల్‌కి పంపి, ఓడ నడపడం నేర్చుకోమన్నారు! 1884లో ఫ్రెంచి నౌకలు ఆ ఫూజో రేవు మీదే దాడి చేశాయి. చైనా ఓడల్లో ఉన్న మిషన్ కుర్రాళ్ళు కొందరు అక్కడే చనిపోయారు. తియెన్‌యౌ తర్వాత గ్వాంగ్‌డోంగ్‌కి వచ్చి ఇంగ్లీషు పాఠాలు చెప్పారు, తీరం మ్యాపులు గీశారు. డిగ్రీ అయ్యాక మొత్తం ఏడేళ్ళు ఆయన పట్టాల దగ్గరికే వెళ్ళలేదు. ప్లేస్‌మెంట్ రాలేదని మనం రెండు నెలలకే డీలా పడిపోతాం, అది వేరే సంగతి.

ఆ ఏడేళ్ళూ ఆయన ఖాళీగా ఉండటానికి ఇంకో కారణం ఉంది. అప్పటికి చైనాలో రైలు అంటేనే అనుమానం. 1876లో షాంఘై దగ్గర వూసోంగ్‌కి ఇంగ్లీషు కంపెనీ ఒకటి అనుమతి లేకుండా లైన్ వేసి రైలు నడిపింది. చైనా ప్రభుత్వం ఆ లైన్‌ని డబ్బులిచ్చి కొని, 1877లో పట్టాలు పీకేసింది. చదివినప్పుడు నవ్వొచ్చింది. కానీ ఆలోచిస్తే వాళ్ళ భయం తప్పు కాదు. పట్టాలు ఎవరివైతే వాటి పక్కన భూమి, గనులు, చివరికి సైన్యం కూడా వాళ్ళవే అవుతాయని వాళ్ళకి అర్థమైంది. 1881లో తాంగ్‌షాన్ బొగ్గు గని దగ్గర చిన్న లైన్‌కి ఒప్పుకున్నప్పుడు కూడా ఇంజిన్ వద్దు, కంచర గాడిదలతో లాగండి అన్నారు. అక్కడ క్లాడ్ కిండర్ అనే ఇంగ్లీషు ఇంజినీరు పాత సామాన్లన్నీ ఏరి ఒక ఇంజిన్ తయారు చేశాడు. చైనా రైల్వే నిజంగా మొదలైంది ఆ ఇంజిన్‌తోనే అని చెప్పొచ్చు.

1888లో ఒక పాత క్లాస్‌మేట్ సిఫారసుతో (అవును, రెఫరల్!) తియెన్‌యౌ తియెన్‌జిన్‌లోని చైనా రైల్వే కంపెనీలో చేరారు. పైన కిండర్. లువాన్ నది వంతెన దగ్గర ఆయన పేరు బయటికొచ్చింది. ఆ నది అడుగున పునాది నిలబెట్టడం చాలా కష్టం. అక్కడ కైసన్ పద్ధతి వాడారు. ఒక గ్లాసుని బోర్లించి బకెట్ నీళ్ళల్లోకి నొక్కండి, లోపల గాలి ఉండిపోతుంది, నీళ్ళు రావు. అలాంటి పెద్ద పెట్టెని నదిలో దించి, గాలి ఒత్తిడితో నీళ్ళని బయటే ఆపి, లోపల మనుషులు తవ్వుతారు. 1894కల్లా ఆ వంతెన పూర్తయింది.

ఇప్పుడు అసలు కథకి వద్దాం. బీజింగ్ నుంచి వాయవ్యంగా జాంగ్‌జియాకో అనే ఊరుంది, మంగోలియా వైపు వెళ్ళే వ్యాపారానికి గుమ్మం లాంటిది. దానికి లైన్ వేయాలి. దూరం సుమారు 200 కిలోమీటర్లే, కానీ మధ్యలో చైనా గోడ ఉన్న కొండలు. మా ఇంజినీరే కట్టాలని బ్రిటన్, కాదు ఉత్తరం వైపు మా హక్కు అని రష్యా. ఇద్దరూ తగ్గలేదు. చివరికి విదేశీ డబ్బు, విదేశీ ఇంజినీరు ఏదీ లేకుండా చైనాయే కట్టుకుంటే ఇద్దరికీ అభ్యంతరం లేదన్న దగ్గర తెగింది. అప్పటికే లాభాల్లో ఉన్న వేరే లైన్ డబ్బుతో 1905లో పని మొదలైంది. తియెన్‌యౌ చీఫ్ ఇంజినీర్, కొంతకాలానికి మొత్తం లైన్ యాజమాన్యమే ఆయన చేతికి వచ్చింది. చాలా వ్యాసాల్లో దీన్ని దేశభక్తి గెలుపు అని రాస్తారు. నాకు మాత్రం ఇద్దరు పెద్దవాళ్ళు కొట్టుకుంటుంటే మధ్యలో దొరికిన సందులా కనిపిస్తుంది. కాకపోతే ఆ సందు దొరికేసరికి తయారుగా ఉన్న మనిషి ఒకడున్నాడు.

ఆయనకి భయం లేదని కాదు. చిన్నప్పుడు పెంచిన నార్త్‌రప్ గారింటికి రాసిన ఉత్తరాల్లో, ఈ పని చెడితే అది నా ఒక్కడికే కాదు, చైనా ఇంజినీర్లందరికీ దెబ్బ అన్న అర్థం వచ్చేలా రాసుకున్నారు.

టెక్నికల్‌గా సమస్య ఏంటో చూద్దాం. ఇనుప చక్రం, ఇనుప పట్టా. రాపిడి తక్కువ, అందుకే రైలు అంత బరువు లాగుతుంది, అందుకే ఎత్తు ఎక్కలేదు. మన మెయిన్ లైన్లలో 100 మీటర్లు ముందుకెళ్తే 1 మీటరు పైకెక్కడమే ఎక్కువ కింద లెక్క. నాన్‌కో కనుమలో తియెన్‌యౌ ఒప్పుకోవాల్సి వచ్చిన వాలు 30కి 1. అంతకంటే నిటారుగా వెళ్తే రైలు జారుతుంది. వాలు తగ్గించాలంటే దారి పొడవు పెంచాలి, లోయలో చోటు లేదు. తిన్నగా వెళ్తే చాలా పొడుగు సొరంగం కావాలి, డబ్బూ టైమూ లేవు.

ఆయన చేసింది ఇది. చింగ్‌లోంగ్‌చియావ్ అనే చోట రైలు కొండలోకి తిన్నగా వెళ్ళి ఆగిపోతుంది. అక్కణ్ణించి వెనక్కి బయల్దేరి, వేరే పట్టా మీద ఇంకో వైపు ఎక్కుతుంది. మీలో హౌరా నుంచి చెన్నై వైపు వెళ్ళే రైళ్ళు ఎక్కినవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. విశాఖపట్నం స్టేషన్‌లో ఇంజిన్ అటు మార్చి ఇటు తగిలిస్తారు, అప్పటిదాకా ముందుకు చూస్తూ కూర్చున్నవాళ్ళు అక్కణ్ణించి వెనక్కి చూస్తూ ప్రయాణం చేస్తారు. అదే పని కొండ మీద, ఎత్తు ఎక్కడం కోసం. ఇంజిన్ మార్చే గొడవ లేకుండా రైలుకి ముందొకటి, వెనకొకటి పెట్టారు. ఒకటి లాగుతుంది, ఇంకోటి తోస్తుంది. తిరిగినప్పుడు పాత్రలు మారతాయి. మా బ్రాంచ్ భాషలో చెప్పాలంటే ఆఖరున లోపలికెళ్ళిన పెట్టె ముందు బయటికొస్తుంది, అచ్చం స్టాక్. పైనుంచి చూస్తే ఆ లైన్ తలకిందులు చేసిన ఇంగ్లీషు 'వి' అక్షరంలా ఉంటుంది. చైనీస్‌లో మనిషి అనే అక్షరం సరిగ్గా ఇలాగే ఉంటుంది, అందుకే వాళ్ళు దాన్ని 'మనిషి ఆకారపు లైన్' అంటారు.

దీనివల్ల సొరంగం పొడవు బాగా తగ్గింది. అయినా బాదాలింగ్ సొరంగం 1091 మీటర్లు. రెండు చివర్ల నుంచి తవ్వితే రెండు చోట్లే పని జరుగుతుంది. అందుకని కొండ పైనుంచి నిలువుగా బావిలాంటి గుంత దించి, అడుగున అటూ ఇటూ తవ్వించారు. ఒక్క గుంతతో ఇంకో రెండు చోట్ల పని మొదలవుతుంది. ప్యారలల్ ప్రాసెసింగ్ అని మనకి ఇప్పుడు చెప్తున్నారు గానీ, పలుగూ పారతో 1900ల్లోనే చేశారు. ఇక్కడ అసలు కష్టం తవ్వడం కాదు, వేర్వేరు చోట్ల మొదలైన తవ్వకాలన్నీ చీకట్లో ఒకే గీత మీద కలవాలి. కలిశాయి.

రెండు అపోహలు తీసేయాలి. ఈ వెనక్కి తిప్పే పద్ధతి తియెన్‌యౌ కనిపెట్టింది కాదు. మన దేశంలోనే ముంబై, పుణె మధ్య భోర్ ఘాట్‌లో 1863 నాటికే అలాంటి స్టేషన్ ఉంది, అక్కడ వాలు 37కి 1. అలాగే పెట్టెల్ని కలిపే ఆటోమేటిక్ కప్లర్ ఆయన కనిపెట్టాడని చైనాలో చాలామంది నమ్ముతారు. అది ఎలీ జానీ అనే అమెరికన్‌ది. చైనీస్‌లో రాస్తే ఆ పేరు కూడా జాన్ అనే మొదలవుతుంది, అక్కడే కన్‌ఫ్యూజన్. ఆ కప్లర్‌ని చైనాలో గట్టిగా ప్రచారం చేసింది మాత్రం తియెన్‌యౌనే. దీనివల్ల ఆయన స్థాయి తగ్గిందని నేననుకోను. తెలిసిన పద్ధతుల్లోంచి సరైనదాన్ని ఎంచుకుని, ఉన్న డబ్బులో, ఉన్న మనుషులతో నిలబెట్టడమే కదా ఇంజినీరింగ్.

లైన్ నాలుగేళ్ళలో, అనుకున్న టైము కంటే ముందే పూర్తయింది, బడ్జెట్‌లో డబ్బు కూడా మిగిలింది. 1909 అక్టోబర్ 2న నాన్‌కోలో పెద్ద వేడుకగా ప్రారంభించారు.

కానీ నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం కొండ కాదు, తర్వాత ఆయన చేసిన ఇంకో పని. దానికి కొంచెం వెనక్కెళ్ళాలి. చైనాలో వందల ఏళ్ళుగా పండితుడంటే ప్రాచీన గ్రంథాల మీద పరీక్షలు పాసైనవాడు. ఆ పరీక్షల్లో ఆఖరి మెట్టు పేరు జిన్‌షీ. మన సివిల్స్ అంత క్రేజ్, దానికి పది రెట్లు కష్టం. అమెరికాలో పెరిగొచ్చిన మిషన్ కుర్రాళ్ళు ఆ లెక్కన చదువురానివాళ్ళే. యేల్ డిగ్రీ ఉన్నా పండితుల వరసలో వాళ్ళకి చోటు లేదు. 1905లో, అంటే జాంగ్‌జియాకో లైన్ మొదలైన ఏడాదే, చక్రవర్తి ప్రభుత్వం ఆ పరీక్షల్నే రద్దు చేసింది. లైన్ పూర్తయ్యాక తియెన్‌యౌకి 'ఇంజినీరింగ్ జిన్‌షీ' అనే బిరుదు ఇచ్చింది. ఏ గ్రంథాలు రావని వీళ్ళని వెనక్కి పిలిపించారో, ఆ గ్రంథాల పట్టాయే పట్టాలు వేసినందుకు ఇచ్చారన్నమాట.

ఆ పండితుడు తర్వాత ఏం చేశారు? 1915లో ఇంగ్లీషు, చైనీస్ ఇంజినీరింగ్ పదాల నిఘంటువు ఒకటి తయారు చేశారు. ఈయన చదువంతా ఇంగ్లీషులో. ఇంజినీరింగ్ గురించి ఆలోచించింది కూడా ఇంగ్లీషులోనే అయి ఉండాలి. కానీ సైట్ మీద కింద పనిచేసేవాళ్ళకి, కొత్తగా చేరే కుర్రాళ్ళకి ఇంగ్లీషు రాదు. డ్రాయింగ్‌లో ఉన్న మాటకి ఒక్కో సైట్‌లో ఒక్కో పేరు ఉంటే వంతెన సరిగ్గా నిలబడదు. అందుకే మాట స్థిరపరచడం కూడా పునాది పనే అయింది. అదే కాలంలో జాంగ్‌జియాకో లైన్ ఎలా కట్టారో వివరంగా చైనీస్‌లోనే పుస్తకం కూడా తెచ్చారు. చిన్నప్పుడు సొంత భాష క్లాసుని నరకపు ఇల్లు అని పిలిచిన బ్యాచ్ మనిషి!

రైల్వే మాటల్లో చైనీస్ చాలా సూటిగా ఉంటుంది. రైలు అంటే నిప్పు బండి, రైల్వే అంటే ఇనుప దారి. ఇవి ఆయన నిఘంటువు కంటే పాతవే. మనవాళ్ళూ మొదట్లో పొగబండి అన్నారు, అది తాతల దగ్గరే ఆగిపోయింది. వాళ్ళకి నిప్పు కనిపించింది, మనకి పొగ. కంప్యూటర్‌ని వాళ్ళు కరెంటు మెదడు అంటారు, చిన్నపిల్లకి కూడా అర్థమవుతుంది. నేను మా అమ్మమ్మకి రికర్షన్ అంటే ఏంటో చెప్పాలని కూర్చుంటే క్రియలు తప్ప అన్నీ ఇంగ్లీషే వచ్చాయి. 2021లో ఏఐసీటీఈ బీటెక్‌ని ప్రాంతీయ భాషల్లో చెప్పడానికి అనుమతించింది, అందులో తెలుగూ ఉంది. అనుమతి కాగితం ఒక్క రోజులో వస్తుంది, మాటలు అలా రావు. ఎవరో ఒకరు లైన్ వేసినవాళ్ళే కూర్చుని రాయాలి.

అడ్మినిస్ట్రేటర్‌గా ఆయన పని కూడా ఇలాంటిదే, చప్పుడు లేని పని. పట్టాల మధ్య వెడల్పు దేశమంతా ఒకటే ఉండాలని, 1435 మిల్లీమీటర్ల ప్రామాణిక గేజ్ వాడాలని పట్టుబట్టారు. పక్క రాష్ట్రం షాన్‌షీలో ఫ్రెంచివాళ్ళు మీటర్ గేజ్ వేశారు. గేజ్ మారితే ఏమవుతుందో మన పెద్దవాళ్ళని అడగండి, సామాను దింపి ఇంకో రైలు ఎక్కడం వాళ్ళకి గుర్తుంటుంది. జాంగ్‌జియాకో లైన్ మీద కుర్ర ఇంజినీర్లకి మెట్లు పెట్టి, ఏ మెట్టుకి ఏం తెలిసుండాలో, ఎలా పైకి రావాలో రూల్స్ రాశారు. చైనా ఇంజినీర్ల సంఘం పెట్టినవాళ్ళలో ముందున్నదీ ఆయనే. మిషన్ బ్యాచ్‌మేట్స్ కూడా చాలామంది రైల్వేలోనే తేలారు. యేల్ పడవ పందెం టీమ్‌కి కాక్స్‌గా కూర్చుని 1880, 1881ల్లో హార్వర్డ్‌ని ఓడించిన జోంగ్ వెన్‌యావ్ తర్వాత షాంఘై-నాన్‌జింగ్ రైల్వేకి అధిపతి అయ్యాడు. తెడ్డు పట్టకుండా ఎనిమిది మందిని ఒకే లయలో నడిపించేవాడే కాక్స్, కాబట్టి ఆ ఉద్యోగం అతనికి కొత్తేం కాదు.

చింగ్‌లోంగ్‌చియావ్ స్టేషన్‌లో 1922లో తియెన్‌యౌ విగ్రహం పెట్టారు. 2019 డిసెంబర్‌లో మొదలైన బీజింగ్-జాంగ్‌జియాకో హైస్పీడ్ లైన్ సరిగ్గా ఆ స్టేషన్ కిందుగా సొరంగంలో వెళ్తుంది, గంటకి 350 కిలోమీటర్ల వేగంతో నడిచే లైన్ అది. 'మనిషి' అక్షరానికి అడ్డంగా ఒక గీత గీస్తే చైనీస్‌లో 'పెద్ద' అనే అక్షరం అవుతుంది, కొత్త లైన్ ఆ గీత గీసిందని వాళ్ళు ముచ్చటగా చెప్పుకుంటారు.

ఆయన చివరి పదేళ్ళు మాత్రం అంత ముచ్చటగా గడవలేదు. గ్వాంగ్‌జో నుంచి హాన్‌కో దాకా దక్షిణాన్ని మధ్య చైనాతో కలిపే పెద్ద లైన్ బాధ్యత ఆయనకిచ్చారు. చక్రవర్తి పోయాడు, రిపబ్లిక్ వచ్చింది, సేనాపతులు కొట్టుకున్నారు, విదేశీ అప్పు ఆగిపోయింది. కొండకి లెక్క వేయొచ్చు, దీనికి ఏ లెక్క వేస్తాం? 1919 మొదట్లో రష్యా అంతర్యుద్ధం మధ్య సైబీరియా రైల్వేని ఎవరు చూసుకోవాలన్న అంతర్జాతీయ కమిటీకి చైనా తరఫున ఆయన్నే పంపారు. అప్పటికే ఒంట్లో బాగోలేదు, ఆ చలిలో ఇంకా పాడైంది. తిరిగొచ్చి 1919 ఏప్రిల్ 24న హాన్‌కోలో చనిపోయారు. ఇంకో రెండు రోజులకి 58 ఏళ్ళు నిండేవి. గ్వాంగ్‌జో నుంచి ఆ హాన్‌కో వైపు లైన్ పూర్తిగా కలిసింది 1936లో.